కొట్టేసిన ‘బహుశా’లు

పోయిన వారం సోల్మాజ్‌ని తబ్రీజ్‌లో, నయ్యిరా ఖానుమ్ ఇంటి గుమ్మంలో వదిలిపెట్టి వచ్చాం. అంత మంచులో టెహరాన్ నుంచి అంత దూరం ఆ పిల్ల ఎందుకు పరుగెత్తిందో కొత్తగా చదివేవాళ్ళకి రెండు మాటల్లో చెప్పాలి.

తుర్కీ మాట్లాడే జిల్లాల పిల్లలకి ఇంగ్లీషులో సందేహించడం చేతకాదని, ఏం రాసినా బల్లగుద్దినట్టు రాస్తారని, అది వాళ్ళ ఇంటి భాషలోనే ఉన్న లోపమని సోల్మాజ్ గురువు డాక్టర్ కామ్రాన్ బెహ్రూజ్‌ఫర్ ఏనాడో తేల్చి రాశాడు. ఆ వ్యాసాన్ని పట్టుకుని విశ్వవిద్యాలయం ఒక నియమం పెట్టింది. ఆ జిల్లాల పిల్లలు ఏడాదిపాటు అదనంగా రాత తరగతిలో కూర్చుని గట్టెక్కితేనే ఇంగ్లీషు డిగ్రీలో అడుగుపెట్టాలి. ఆ ఏడాది ఇంట్లోవాళ్ళు భరించలేక చదువు మాన్పించిన సెవిల్ అనే అమ్మాయి ఇప్పుడు తబ్రీజ్‌లో మందుల షాపులో పనిచేస్తోంది. “నేను ‘బహుశా’ అని రాశానక్కా. మా టీచరే కొట్టేసింది” అని ఆ పిల్ల అన్న మాటతో సోల్మాజ్ నిద్ర ఎగిరిపోయింది. ఆ టీచరే నయ్యిరా ఖానుమ్. ఆవిడ తలుపు తీసింది. టీ పోసింది. గోడవైపు చూస్తూ, “అవును, కొట్టేశాను. అందరివీ కొట్టేశాను. చెప్పినవాళ్ళు చెప్పారు, నేను చేశాను” అంది. ఎవరు చెప్పారో ఎంత అడిగినా చెప్పలేదు. ఎర్రసిరా గీతలున్న పిల్లల కాగితాలు చేతిలో పెట్టి, తన పేరు మాత్రం ఎక్కడా ఎత్తనని సోల్మాజ్ చేత ఒట్టు వేయించుకుంది.

ఇవాళ సోల్మాజ్ ఎం.ఏ. సిద్ధాంత వ్యాసానికి వైవా.

టెహరాన్ మీద పొగమంచూ పొగా కలిసి దిగిన ఉదయం. వైవాకి ఇంకా కొంచెం వ్యవధి ఉందనగా గుమాస్తా వచ్చి, డాక్టరు గారు గదికి రమ్మంటున్నారని చెప్పాడు. సోల్మాజ్ తలమీది రుమాలు సర్దుకుని లోపలికి వెళ్ళింది. బెహ్రూజ్‌ఫర్ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చెదరని కోటు, వెండితీగలా దువ్విన జుట్టు. విభాగాధిపతి అయి చాలాకాలమైంది. ఆయన ఫార్సీ రేడియోలో వార్తలు చదివినట్టు ఉంటుందని విద్యార్థులు చెప్పుకుంటారు. ఏడు తరాలుగా టెహరాన్ వాళ్ళయితే తప్ప ఆ ఉచ్చారణ రాదని గుమాస్తాలు కూడా గర్వంగా అంటుంటారు.

“కూర్చోండి” అన్నాడు.

రెండేళ్ళుగా ఆయన సోల్మాజ్‌ని ‘నువ్వు’ అనే పిలిచాడు. ‘మీరు’ అన్నాడంటే కోపం నెత్తికెక్కిందన్నమాట.

“నాలుగో అధ్యాయం నిన్న చదివాను. ఎవరు రాశారది?”

“నేనే ఉస్తాద్.”

“నేను సంతకం పెట్టిన నాలుగో అధ్యాయం అది కాదే!”

“అది రాసేటప్పటికి నాకీ సంగతి తెలియదు ఉస్తాద్. తెలిశాక మీ దగ్గరికి వచ్చాను. మీరు ఊళ్ళో లేరన్నారు. ఉత్తరం రాశాను, ఫోన్ చేశాను, జవాబు లేదు. గడువు దగ్గరపడిందని పరీక్షకులకి పంపేశాను.”

బెహ్రూజ్‌ఫర్ వచ్చి ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గిస్తే ఎదుటివాళ్ళు ముందుకి వంగాలి. తరగతిలోనూ అంతే.

“చూడమ్మాయ్, టీచరన్నాక దిద్దుతుంది. దిద్దాక పిల్లలు సాపు రాస్తారు. ఆ సాపు ప్రతులే మన దగ్గరికి వచ్చాయి. ఇందులో కొంప మునిగిందేముంది?”

“తప్పులు దిద్దితే ఏమీ లేదు ఉస్తాద్. ఆవిడ, అంటే ఆ టీచరు, తప్పులు ముట్టుకోలేదు. స్పెల్లింగు తప్పులు అలాగే ఉన్నాయి. క్రియలు తప్పుగా ఉన్నవి అలాగే ఉన్నాయి. ‘బహుశా’ ఉన్నచోట గీత. ‘నాకు తోచినంతలో’ ఉన్నచోట గీత. ‘కావచ్చు’ ఉన్నచోట గీత. ఏరి ఏరి అవే కొట్టేశారు. మనం వెళ్ళి ఆ కాగితాల్లో అవి ఎన్ని ఉన్నాయా అని వెతికాం. లేవు. లేవని రాశాం. ఎలా ఉంటాయి?”

“మనం అనకు. నువ్వు వెతికావు.”

“ముందు వెతికింది మీరు ఉస్తాద్.”

గదిలో హీటరు బుస కొడుతోంది. బెహ్రూజ్‌ఫర్ చిన్నగా నవ్వాడు.

“మీ ఊరు ఆహర్ నుంచి బస్సు దిగి ఈ గదిలోకి వచ్చిన రోజు గుర్తుందా నీకు? నీ ఫార్సీ విని బయట గుమాస్తాలు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. నిన్ను ఎవరు తీసుకున్నారు? నేను. వ్యాసం రాయడం ఎవరు నేర్పారు? నేను. పీహెచ్‌డీ సీట్ల కమిటీలో ఎవరుంటారు? అదీ నేనే. అంచేత ఇప్పుడు నేను చెప్పేది విను. తెర మీద నాలుగో అధ్యాయం దగ్గరికి వచ్చేసరికి, సమయం లేదని చెప్పి ఐదుకి దాటెయ్. పొరపాటున చిత్తుప్రతి వెళ్ళిందని పరీక్షకురాలు డాక్టర్ సుతూదేకి నేను నచ్చజెబుతాను. నౌరోజ్ పండగలోపు సరిచేసి ఇద్దువుగాని. ఇరవైకి ఇరవై వేయిస్తా.”

సోల్మాజ్‌కి ఒక్క క్షణం, నిజం చెప్పొద్దూ, ఆ మాట తియ్యగానే వినిపించింది. ఆ సీటు కోసం ఎన్నేళ్ళు కళ్ళు కాయలు కాచాయో ఆమెకే తెలుసు. కానీ మందుల షాపు కౌంటరు వెనక తెల్లకోటు వేసుకుని, దగ్గు మందు సీసాలు సర్దుతూ, “నేను రాశానక్కా” అన్న సెవిల్ మొహం అడ్డొచ్చింది.

“మరి ఆ నియమం ఉస్తాద్? వచ్చే నెల నుంచి కుర్దుల జిల్లాలకి కూడా పెడతారట కదా?”

“దానికీ దీనికీ సంబంధం లేదు.”

“ఆ నియమం రాసిన కాగితంలో మొదటి వాక్యమే మీ వ్యాసం పేరు.”

బెహ్రూజ్‌ఫర్ లేచి తలుపు తెరిచాడు.

“వెళ్ళిరండి సోల్మాజ్ ఖానుమ్. హాల్లో కలుద్దాం. బాగా ఆలోచించుకుని అడుగు వెయ్యండి.”

హాలు బయట బల్ల దగ్గర తల్లి గుల్నిసా కురాబియే బిస్కెట్లు పళ్ళెంలో గుండ్రంగా పేరుస్తోంది. రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చిన మనిషి, ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన డబ్బాలో ఒక్క బిస్కెట్టు కూడా విరగలేదని పొద్దున్నించీ వచ్చేవాళ్ళకీ పోయేవాళ్ళకీ చెబుతోంది. నారింజలూ దోసకాయలూ పక్కన, పూలగుత్తి ఇంకో పక్కన. చూస్తే నిశ్చితార్థానికి వచ్చినట్టుంది.

“ఆ మొహమేమిటే? ఏమన్నాడు మీ పంతులు?” అంది తుర్కీలో.

“దాటెయ్యమన్నాడు.”

“ఏం దాటెయ్యమన్నాడు?”

“నేను కనిపెట్టింది.”

“దాటేస్తే?”

“ఇరవైకి ఇరవై. ఆపైన సీటు.”

“దాటకపోతే?”

“ఏమో అమ్మా.”

గుల్నిసా పళ్ళెంలో ఒక బిస్కెట్టు తీసి ఇంకోచోట పెట్టింది. మళ్ళీ అక్కడినుంచి తీసి మొదటిచోటే పెట్టింది.

“మీ నాన్న బతికుంటే దాటెయ్యమనేవాడు. పోలీసుని చూసినా పంతుల్ని చూసినా ఆయనకి ఒకటే వణుకు.”

“నువ్వేమంటావు?”

“నన్నేమీ అడగకు. నేను బిస్కెట్లు సర్దడానికి వచ్చాను. నీ పని నువ్వు చేసుకో, నా పని నేను చేసుకుంటా.” అంటూనే కూతురి రుమాలు అంచు సరిగ్గా లాగి, గడ్డం కింద ముడి గట్టిగా బిగించింది.

హాలు నిండింది. ముందు వరసలో, జనానికి వీపు పెట్టి, వేదికవైపు తిరిగి పరీక్షకులు కూర్చున్నారు. మధ్యలో అధ్యక్షత వహించే పెద్దాయన. చెవి కొంచెం మందం, నియమాలు మాత్రం కంఠతా వచ్చు. ఆయనకి కుడివైపు బెహ్రూజ్‌ఫర్. ఎడమవైపు షిరాజ్ నుంచి వచ్చిన డాక్టర్ మహ్‌లకా సుతూదే. ఆవిడ రాగానే తన ముందున్న పళ్ళపళ్ళెం పక్కకి నెట్టి, “ఇవి తరవాత తింటాను. తింటూ మార్కులు తగ్గించడం బావుండదు” అంది. నవ్వాలో వద్దో ఎవరికీ తెలియలేదు.

సోల్మాజ్ మొదలుపెట్టింది.

“మనం ఏదైనా రాసేటప్పుడు విషయం ఒక్కటే రాయం. చదివేవాళ్ళతో కూడా మాట్లాడుకుంటూ పోతాం. ‘ముందుగా ఇది చూద్దాం’ అంటాం. ‘అయితే’ అంటాం. ‘నిస్సందేహంగా’ అంటాం, ‘బహుశా’ అంటాం, ‘నా ఉద్దేశంలో’ అంటాం. వీటిని తీసేసినా విషయం మిగులుతుంది. మనిషే మిగలడు. వీటికి శాస్త్రంలో మెటాడిస్కోర్స్ అని పేరు. నేను నాలో నేను తోడుమాటలు అనుకుంటాను. పాఠకుణ్ణి చెయ్యి పట్టుకుని నడిపించేవి కాబట్టి.”

సుతూదే తల ఊపి ఏదో రాసుకుంది. సోల్మాజ్ మొదటి మూడు అధ్యాయాలూ గడగడా చెప్పుకుపోయింది. నాలుగో దానికి వచ్చింది. తెర మీద ఆ శీర్షిక పడగానే బెహ్రూజ్‌ఫర్ గొంతు సవరించుకున్నాడు.

“సమయం చూసుకోండి. ఐదో అధ్యాయంలోకి వెళ్ళిపోవచ్చు.”

“సమయం ఉంది ఉస్తాద్” అంది సోల్మాజ్. ఆ మూడు మాటలూ అనడానికి ఆమెకి రెండేళ్ళు పట్టినట్టయింది.

తెర మీద సెవిల్ రాసిన కాగితం కనబడింది. బొద్దుబొద్దు అక్షరాలు, వాటి మీదుగా ఎర్రటి గీతలు.

“ఈ అమ్మాయి ఇంగ్లీషులో ఏం రాసిందో చూడండి. ‘మా పల్లెల్లో ఆడపిల్లలు బడి మానెయ్యడానికి కారణం బహుశా దూరం కావచ్చు. ఇది నాకు తెలిసిన కొద్ది ఇళ్ళని చూసి చెబుతున్నది మాత్రమే.’ ఎంత జాగ్రత్తగా రాసింది! తనకి తెలిసింది ఎంత, తెలియనిది ఎంత అని గిరి గీసుకుని మరీ రాసింది. ఇప్పుడు గీతలు కొట్టాక మిగిలింది చూడండి. ‘మా పల్లెల్లో ఆడపిల్లలు బడి మానెయ్యడానికి కారణం దూరం.’ అంతే. మన విభాగానికి వచ్చింది ఈ రెండోది. దీన్ని చూసి మనం ఏమన్నాం? ఈ పిల్లకి సందేహించడం రాదన్నాం.”

ఆ తరవాత ఇంకో కాగితం, ఇంకో కాగితం. వేరు వేరు చేతిరాతలు, గీతలు మాత్రం ఒకటే. హాల్లో గుసగుస మొదలైంది. సరిగ్గా అప్పుడే వెనక తలుపు నెమ్మదిగా తెరుచుకుంది. నల్లకోటు మీద మంచు తడి ఆరకుండానే ఒక పెద్దావిడ లోపలికి వచ్చి చివరి వరసలో అంచు కుర్చీలో కూర్చుంది.

నయ్యిరా ఖానుమ్.

ఎప్పటికీ రానన్న మనిషి. తన పేరు ఎత్తితే నెల తిరక్కుండా తాను పాఠం చెప్పే సంస్థవాళ్ళు బయటికి పంపేస్తారన్న మనిషి. ఆవిడ తల వంచుకుని కూర్చుంది. ఎందుకు వచ్చినట్టు? తాను మాట మీద నిలబడుతుందో లేదో చూడటానికా? సోల్మాజ్ చూపు తిప్పేసుకుంది. పరీక్షకులెవరూ వెనక్కి తిరగలేదు.

ప్రసంగం ముగిసింది. సుతూదే కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

“అమ్మాయ్, నాలుగో అధ్యాయం చదువుతుంటే నాకు కూర్చోబుద్ధి కాలేదు. ఇది నిజమైతే చిన్న విషయం కాదు. అందుకే గట్టిగా అడుగుతున్నాను, ఏమీ అనుకోకు. ఆ ఎర్రగీతలు గీసింది నువ్వే కాదని నాకెలా తెలియాలి?”

సోల్మాజ్‌కి చెంప మీద కొట్టినట్టయింది.

“నేనా? నేనెందుకు గీస్తానండీ?”

“పేరు రావడానికి గీస్తారు. ఇదివరకు గీసినవాళ్ళున్నారు. నువ్వు గీశావని అనడం లేదు. అడుగుతున్నాను.”

బెహ్రూజ్‌ఫర్ ఇంతసేపూ ఎదురు చూసింది ఈ సందు కోసమే. కుర్చీలో ముందుకి జరిగాడు.

“నేను ఆమె గురువుని. చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది. ఎర్రసిరా కలం ఏ కొట్లోనైనా దొరుకుతుంది. ఈ కాగితాలు ఎక్కడివో, ఎవరిచ్చారో వ్యాసంలో ఎక్కడా లేదు. నేను అడిగితే జవాబు లేదు. తన ప్రాంతం మీద అభిమానం ఉండటం మంచిదే. కానీ అభిమానంతో సాక్ష్యం పుట్టించకూడదు కదా! ఇదే నేను మొదటినుంచీ చెబుతున్నది. వీళ్ళకి ఆవేశం ఉంటుంది, తూచి మాట్లాడటం ఉండదు. ఇంతకన్నా రుజువు ఏం కావాలి?”

‘వీళ్ళకి’ అన్న మాట హాల్లో చాలామందికి తగిలింది. వెనక ఎవరో కుర్చీ గట్టిగా జరిపారు. బిస్కెట్ల డబ్బా ఒళ్ళో పెట్టుకుని హాల్లో కూర్చున్న గుల్నిసాకి ఫార్సీ అంతంతమాత్రం. పక్కనున్న పిల్ల చెవిలో తర్జుమా చేసింది. గుల్నిసా మొహం ఎర్రబడింది. “నా కూతురు దొంగ గీతలు గీసిందంటాడా?” అని తుర్కీలో పైకే అనేసింది. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఆపింది.

సోల్మాజ్‌కి ఇంతసేపూ ఉన్న భయం ఎటు పోయిందో పోయింది. దాని చోట్లోకి వేడివేడిగా ఇంకోటి వచ్చి కూర్చుంది.

“తూచి మాట్లాడటం గురించి ఉస్తాద్ చెప్పారు కాబట్టి ఒక మాట” అంది. “నా పద్ధతి సరైనదో కాదో చూసుకోవాలని, పిల్లల వ్యాసాల్ని పరిశీలించినట్టే అచ్చయిన వ్యాసాన్ని కూడా ఒకదాన్ని పరిశీలించాను. మన రంగంలో అందరూ చదివే వ్యాసమే. తుర్కీ పిల్లలకి సందేహించడం రాదని చెప్పే వ్యాసం. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వెతికాను. అందులో ఒక్క ‘బహుశా’ లేదు. ఒక్క ‘కావచ్చు’ లేదు. ‘నాకు తోచినంతలో’ అన్నది మచ్చుకైనా లేదు. అన్నీ ‘నిస్సందేహంగా’లే. ఆ వ్యాసం మీదే ఉస్తాద్.”

ఎవరో నవ్వారు. ఆ నవ్వు వరస వరసా పాకింది. సుతూదే రుమాలుతో మూతి అద్దుకుంది. అధ్యక్షుడు, “ఏమన్నది? ఏమన్నది?” అని అటూ ఇటూ అడుగుతున్నాడు.

బెహ్రూజ్‌ఫర్ నవ్వలేదు. అరవలేదు కూడా. మంచులాంటి గొంతుతో, “అధ్యక్షా, ఇది వినోద కార్యక్రమం కాదు. పరీక్షకురాలి ప్రశ్నకి జవాబు రాలేదు. గీతలు ఎవరు గీశారు? పేరు చెప్పమనండి” అన్నాడు.

అధ్యక్షుడికి ఈసారి బాగానే వినబడింది. బల్ల మీద వేళ్ళతో తట్టాడు.

“సోల్మాజ్ ఖానుమ్, నియమం చెబుతున్నాను. సమాచారం ఎక్కడిదో చెప్పాల్సిందే. ఆ టీచరు పేరు చెప్పండి. లేదంటే నాలుగో అధ్యాయం వెనక్కి తీసుకోండి. రెండూ కాదంటే కాగితాలు పుట్టించారన్న ఆరోపణ మీద క్రమశిక్షణ సంఘానికి పంపక తప్పదు. అక్కడికి వెళ్ళినవాళ్ళు మళ్ళీ ఏ విశ్వవిద్యాలయంలోనూ చేరలేరని మీకు తెలిసే ఉంటుంది.”

సుతూదే గొంతు మెత్తబడింది. “పేరు చెప్పు తల్లీ. నాకు చెవిలో చెప్పినా చాలు. నేను కనుక్కుంటాను.”

సోల్మాజ్ చూపు ఆపుకోలేక చివరి వరసకి వెళ్ళింది. నయ్యిరా ఖానుమ్ ఇంకా తల వంచుకునే ఉంది. చేతి తొడుగులు ఒళ్ళో పెట్టుకుని మడతపెడుతోంది, విప్పుతోంది. ఒక్క పేరు. నోరు తెరిస్తే బయటపడే ఒక్క పేరు. చెబితే తన చదువు దక్కుతుంది, నియమం కూలుతుంది, సెవిల్ లాంటి వాళ్ళకి తలుపు తెరుచుకుంటుంది. మందలించేవాళ్ళు కూడా ఉండరు. ఒట్టు పెట్టించుకున్న ముసలావిడ ఒక్కతే వీధిన పడుతుంది.

“చెప్పను” అంది. “వెనక్కీ తీసుకోను.”

“చూశారా!” అన్నాడు బెహ్రూజ్‌ఫర్.

“చూడండి, బాగా చూడండి!” సోల్మాజ్ గొంతెత్తింది. “ఇవాళ అందరికీ పేరు కావలసివచ్చింది. ఈ కాగితాలు రాసిన పిల్లల పేర్లు ఇన్నేళ్ళలో ఒక్కరైనా అడిగారా? పేర్లు చెరిపేసి అంకెలు వేసుకున్నాం. ఆ అంకెల వెనక ఒక పిల్ల ఇవాళ మందుల షాపులో నిలబడి ఉంది. ఒక పిల్లకి పద్దెనిమిది నిండకుండా పెళ్ళి చేసేశారు, ఇంకో ఏడాది చదివించే ఓపిక లేక. వాళ్ళ నోట్లోంచి మాట మనమే లాక్కున్నాం. లాక్కుని, వీళ్ళకి మాట రాదని రాశాం. ఆ రాసినదాన్ని చూపించి తలుపేసేశాం. ఇంత చేసి, ఇప్పుడు గీత గీసిన చెయ్యి ఎవరిదని నన్నడుగుతున్నారా? జీతం మీద బతికే మనిషి చెయ్యి అది. దానంతట అది కదల్లేదు. కదిలించినవాళ్ళు ఎవరో అడగండి. నేను ఆ టీచరు పేరు చెప్పి, ఆవిడనొక్కదాన్నే బలిచేసి, మిగతా అందరం పళ్ళు తిని టీ తాగి ఇంటికి వెళ్ళిపోవాలా? నాకొద్దు ఆ డిగ్రీ.”

ఊపిరి అందక ఆగింది. తల్లి తనవైపే చూస్తోంది. ఎవరూ తర్జుమా చేసినట్టు లేదు. అయినా గుల్నిసా కళ్ళు తడిగా ఉన్నాయి.

అధ్యక్షుడు కలం తీశాడు. “అయితే నా చేతుల్లో ఏమీ లేదు. క్రమశిక్షణ సంఘానికి...”

“ఆగండి బాబూ” అన్న మాట వెనకనుంచి వచ్చింది.

నయ్యిరా ఖానుమ్ లేచి నిలబడింది. ముందున్న కుర్చీ వీపు పట్టుకుని, కోటు సరిచేసుకుంది. గొంతు పెద్దది కాదు గానీ, ముప్పయ్యేళ్ళు తరగతి గదుల్లో చివరి బల్లదాకా వినబడిన గొంతు అది.

“ఈ పిల్ల చెప్పనన్న పేరు నాది. నయ్యిరా. తబ్రీజ్‌లో పాఠం చెబుతాను. ఆ గీతలన్నీ నేను గీసినవే. కావాలంటే కలం ఇవ్వండి, ఇప్పుడే గీసి చూపిస్తాను.”

తలలన్నీ వెనక్కి తిరిగాయి. సుతూదే లేచి నిలబడింది. అధ్యక్షుడు చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. బెహ్రూజ్‌ఫర్ ఒక్కడే తిరగలేదు. వేదికవైపే చూస్తూ కూర్చున్నాడు. ఆయన్ని ఎదురుగా చూడగలిగేది సోల్మాజ్ ఒక్కతే. ఆ గొంతు వినగానే ఆయన మొహంలో రక్తం ఎలా దిగిపోయిందో ఆమె కళ్ళారా చూసింది.

“ఎందుకు గీశారమ్మా?” అని అడిగింది సుతూదే. “ఎవరు గీయమన్నారు?”

“నాకు ఫోన్ వచ్చింది. మీ పిల్లల రాతలో నాన్చుడు ఎక్కువగా ఉంది, ఆ ‘బహుశా’లు తీసెయ్యండి, పరీక్షలో మార్కులు పోతాయి అన్నారు. పెద్ద చదువు చదివిన మనిషి చెప్పాడు కదా, పిల్లలకి మంచే జరుగుతుందనుకున్నాను. ఆ కాగితాలే తీసుకెళ్ళి, వాటినే చూపించి పిల్లల్ని తిడతాడని నాకేం తెలుసు? ఈ పిల్ల మా ఇంటికి వచ్చి చెప్పేదాకా నాకు ఆ వ్యాసం సంగతే తెలియదు. అప్పుడు కూడా నోరు మూసుకున్నాను. ఉద్యోగం పోతుందని కాదు. ఈమెతో అలా అన్నాను గానీ, అది అబద్ధం.”

“మరి?”

నయ్యిరా ఖానుమ్ తలెత్తింది. ముందు వరసలో వెండితీగలా దువ్విన జుట్టువైపు, ఇస్త్రీ చెదరని కోటువైపు చూసింది. ఈసారి ఫార్సీలో కాదు, తుర్కీలో, గదిలో అల్లరి చేసిన పిల్లవాణ్ణి లేపినట్టు పిలిచింది.

“గంబర్! లేచి నిలబడు.”

హాల్లో అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ పేరుగలవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. అది ఈ రోజుల్లో ఎవరూ పెట్టుకోని పేరు, గొర్రెలు కాసే ఊళ్ళలో తాతలకి ఉండే పేరు. ఎవరో కిసుక్కున నవ్వబోయి ఆగారు.

డాక్టర్ కామ్రాన్ బెహ్రూజ్‌ఫర్ లేచి నిలబడుతున్నాడు.

బల్ల అంచు రెండు చేతులా పట్టుకుని, ముసలివాడిలా, నెమ్మదిగా లేచాడు. వెనక్కి తిరిగాడు. రేడియో వార్తల ఫార్సీ ఏమైపోయిందో, ఆయన నోట్లోంచి కొండప్రాంతపు మోటు తుర్కీ యాసలో రెండే ముక్కలు ఊడిపడ్డాయి.

“బాజీ... ఇక్కడొద్దు.”

బాజీ అంటే అక్క అని ఆ హాల్లో సగంమందికి తెలుసు. గుల్నిసా ఒళ్ళోని డబ్బా ధడాలున కింద పెట్టేసింది. సుతూదే కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని, ఒకసారి ఆయన్ని, ఒకసారి ఆవిడని చూసింది.

“ఇక్కడే” అంది నయ్యిరా ఖానుమ్, అంచు కుర్చీలోంచి నడవాలోకి అడుగుపెడుతూ. “ఆ ఫోన్ సంగతి సరే. నీకు ‘బహుశా’ అంటే అంత మంట ఎందుకో, అది ఎవరి నోటి మాటో, నువ్వు చెబుతావా, నేను చెప్పనా?”